పది మొక్కల ప్రమాణం: రిచర్డ్ సెయింట్ బార్బ్ బేకర్ జీవితం



ఏటా వానలు పడగానే మా తెలుగు సంఘం తరఫున వనమహోత్సవం చేస్తాం. మాది దక్షిణ ఒడిశాలో ఒక చిన్న పట్నం. తాతముత్తాతల నాటి నుంచి ఇక్కడే ఉంటున్న కుటుంబాలు మావి. మూడేళ్ల కిందట బడి ఆవరణలోనూ చెరువు గట్టు మీదా కలిపి 60 మొక్కలు నాటాం. పెద్దలు వచ్చారు, పిల్లలు పాటలు పాడారు, ఫొటోలు దిగాం. మరుసటి ఉగాదికి పంచాంగ శ్రవణం ఏర్పాట్లు చూడడానికి అదే బడికి వెళ్తే, బతికి ఉన్నవి 9 మొక్కలు. మిగతాచోట్ల మేకలు కొరికిన మోడులు, ఎండిన పుల్లలు, పూడిపోయిన గుంతలు.

ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా చేసిన అలవాటు కొద్దీ ఇంటికి వచ్చి సంఘం ఖాతా పుస్తకం తీసి చూశాం. మొక్కల ఖర్చు ఉంది. గుంతలు తీసిన కూలి ఉంది. బ్యానరు ఉంది, ఫలహారాలు ఉన్నాయి. నీళ్ల ఖర్చు అన్న పద్దు మాత్రం ఎక్కడా లేదు. కంచె అన్న మాటా లేదు. రాసింది మేమే, సంతకం పెట్టిందీ మేమే. తప్పు ఎవరి మీదకూ నెట్టే వీలు లేదు.

ఈ ఏడు మా సంఘానికి చెందిన ఒక పెద్దావిడ తమ భర్తగారి జ్ఞాపకార్థం చెట్ల పని కోసమని కొంత సొమ్ము ఇచ్చారు. ఆ సొమ్ము మళ్లీ ఫొటోల పాలు కాకూడదని మా బాధ. ఇలాంటి పని మనకన్నా ముందు ఎవరైనా ఎలా చేశారో తెలుసుకుందామని వెతుకుతుంటే ఒక ఇంగ్లీషు దొర జీవితం చేతికి దొరికింది. చెట్లు నాటడం, అడవిని తిరిగి నిలబెట్టడం, అడవి గురించి పిల్లలకు చెప్పడం, ఈ మూడు పనులకూ జనం చందాలతో నడిచే సంస్థను నూరేళ్ల కిందటే పెట్టిన మనిషి ఆయన. పేరు రిచర్డ్ సెయింట్ బార్బ్ బేకర్. లోకం ఆయన్ని చెట్ల మనిషి అని పిలుచుకుంది. ఆయన కథ మన కుటుంబాలకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాం.

నర్సరీ ఇంట పుట్టిన పిల్లవాడు

బేకర్ 1889 అక్టోబరు 9న దక్షిణ ఇంగ్లండులో, సౌతాంప్టన్ దగ్గర వెస్ట్ ఎండ్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రికి మొక్కల నర్సరీ ఉండేది. దైవభక్తి ఎక్కువ ఉన్న ఇల్లు. నడక వచ్చిన నాటి నుంచి ఆ పిల్లవాడికి ఆట స్థలం నారుమడే. విత్తనం వేయడం, నారు తీయడం, వేరు దెబ్బ తినకుండా మొక్కను మరోచోట పెట్టడం ఆయనకు బడిలో నేర్పిన చదువు కాదు, ఇంట్లో అబ్బిన విద్య.

అయిదేళ్ల వయసులో ఒంటరిగా దగ్గరలోని అడవిలోకి వెళ్లి దారి తప్పారట. తన తలకన్నా ఎత్తు పెరిగిన మొక్కల మధ్య నుంచి నడుచుకుంటూ పోయి, చెట్ల నడుమ ఒక ఖాళీ చోట ఎండలో నిలబడ్డారు. భయం వేయాల్సిన చోట ఆయనకు చెప్పలేని సంతోషం కలిగింది. ముసలితనంలో తన జీవితం రాసుకున్నప్పుడు కూడా ఆ రోజునే మొదటిగా తలచుకున్నారు.

ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఇల్లు వదిలి కెనడా వెళ్లారు. అక్కడి సస్కాచువాన్ రాష్ట్రంలో, సస్కటూన్ పట్నం దగ్గర ప్రభుత్వం కొత్తగా వచ్చినవారికి ఇచ్చే భూమి తీసుకున్నారు. అప్పుడే పుట్టిన సస్కాచువాన్ విశ్వవిద్యాలయంలో మొదటి విద్యార్థుల్లో ఒకరిగా చేరారు. చదువు ఖర్చుల కోసం ప్రిన్స్ ఆల్బర్ట్ దగ్గర అడవిలో చెట్లు కొట్టే కూలి పని చేశారు.

ఆ పనిలోనే ఆయనకు కళ్లు తెరిపిడి పడ్డాయి. కలప కోసం కొట్టే చెట్టు ఒకటైతే, దాని కింద పడి నలిగిపోయే లేత చెట్లు ఎన్నో. అడవి అవతల మైదానంలో ఇంకో సంగతి చూశారు. రైతులు ఉన్న చెట్టూ పొదా పీకేసి, గడ్డి నేలను నాగళ్లతో తిరగేశారు. గాలికి అడ్డు లేకపోయింది. పైమట్టి ధూళిగా లేచి పోతోంది. చెట్టు ఉంటే గాలి ఆగుతుంది, గాలి ఆగితే మట్టి నిలుస్తుంది, మట్టి నిలిస్తే పంట ఉంటుంది. ఈ లెక్క ఆయనకు అక్కడ పట్టుబడింది. జీవితమంతా ఆయన చెప్పింది ఈ లెక్కే.

కూలివాడి నుంచి అధికారి దాకా

తర్వాత ఇంగ్లండు తిరిగి వచ్చి, మతాచార్యుడు కావాలని కేంబ్రిడ్జిలో చేరారు. ఇంతలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫిరంగి దళంలో చేరి ఫ్రాన్సులో పోరాడి గాయపడ్డారు. 1918లో సైన్యం ఆయన్ని ఇంటికి పంపేసింది. బతికి బయటపడ్డ మనిషి మతబోధన వైపు మళ్లలేదు. కేంబ్రిడ్జిలోనే అడవుల శాస్త్రం చదివి, 1920లో తూర్పు ఆఫ్రికాలోని కెన్యాకు అసిస్టెంట్ కన్జర్వేటరుగా వెళ్లారు.

ఆ కాలపు కెన్యా సంగతి కొంచెం చెప్పాలి. మంచి నేలలున్న ఎత్తయిన ప్రాంతాలను బ్రిటిషు ప్రభుత్వం తెల్లవారికి ఇచ్చేసింది. అక్కడ తరతరాలుగా వ్యవసాయం చేసే కికూయు జనాన్ని ఇరుకు హద్దుల్లోకి నెట్టింది. కికూయుల సేద్యం మన కొండల మీద పోడు లాంటిది. కొంత అడవి నరికి, కాల్చి, కొన్నేళ్లు పండించి, ఆ నేలను వదిలి మరోచోటికి పోతారు. వదిలిన నేలలో అడవి మళ్లీ లేస్తుంది. తిరగడానికి చోటు ఉన్నంత కాలం ఈ పద్ధతితో నేలకు పెద్ద హాని లేదు. చోటు కుదించాక, అడవి లేవకముందే మళ్లీ అదే నేల మీదకు రావాల్సి వస్తుంది. అప్పుడు అడవీ పోతుంది, నేలా పోతుంది. మా వైపు పోడు చేసే కుటుంబాల సంగతి తెలిసినవారికి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. తప్పంతా పోడు చేసేవాడిదే అని ఆఫీసు కాగితాల్లో రాయడం సులువు. అతని చుట్టూ గీత గీసింది ఎవరో ఆ కాగితాల్లో ఉండదు.

బేకర్ కూడా ఆ ప్రభుత్వపు ఉద్యోగే. ఆ గీతలను చెరిపే అధికారం ఆయనకు లేదు. అయితే ఆయన చేసిన పని వేరు. కికూయుల భాష నేర్చుకున్నారు. పెద్దల దగ్గర కూర్చున్నారు. ఏ చెట్టును ఏ పేరుతో పిలుస్తారు, ఏ చెట్టును కొట్టరు, ఎందుకు కొట్టరు అని అడిగి తెలుసుకున్నారు. మనకు రావి చెట్టు ఎలాగో వారికి ముగుమో అనే ఒక జాతి మర్రి అలాంటిది. దాని కింద ప్రార్థన చేస్తారు, దానికి గొడ్డలి తాకనివ్వరు. చెట్టుకు దణ్ణం పెట్టే జనానికి చెట్టు విలువ చెప్పాల్సిన పని లేదని ఆయనకు తెలిసింది. అయితే నాటే అలవాటు మాత్రం లేదు. మొక్క మొలిపించడం దేవుడి పని అని వారి నమ్మకం. మంచి చెట్లన్నీ కొట్టేస్తే దేవుడికి విత్తనం ఎక్కడ దొరుకుతుందని ఆయన వారితో వాదించారు.

చెట్ల కోసం ఒక నాట్యం

మొక్కలు పెంచడానికి ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదు. డబ్బు లేనప్పుడు మనుషులు కావాలి. ఆజ్ఞాపిస్తే వచ్చే మనుషులు కాదు, ఇష్టపడి వచ్చేవారు. కికూయులు విత్తనాలు చల్లేటప్పుడు ఒక నాట్యం, పంట కోసేటప్పుడు ఒక నాట్యం చేస్తారు. మన సంక్రాంతి, ఏరువాక లాగానే. అలాంటప్పుడు చెట్లు నాటేందుకు ఒక నాట్యం ఎందుకు ఉండకూడదు? బేకర్ ఆ ఆలోచనను పెద్దల ముందు పెట్టారు. వారిలో జోసయా ఎన్‌జోన్‌జో అనే నాయకుడు ఆయనకు చివరిదాకా మిత్రుడు.

1922 జులై 22న ముగుగా అనే చోట ఆ చెట్ల నాట్యం జరిగింది. వేలమంది యువకులు అలంకరించుకుని వచ్చారు. నాట్యం అయ్యాక బేకర్ వారిలో కొందరిని ముందుకు రమ్మన్నారు. అందరినీ కాదు. మొదటి విడత 50 మందిని మాత్రం ఎంచారు. వారు మూడు మాటలు ఇచ్చారు. ఏడాదికి 10 మొక్కలు నాటాలి. ఎక్కడ చెట్టు కనిపించినా దాన్ని కాపాడాలి. రోజూ ఎవరికో ఒకరికి ఒక మేలు చేయాలి. ఈ బృందానికి వాటు వా మీటి అని పేరు పెట్టారు. స్వాహిలీలో చెట్ల మనుషులు అని అర్థం. అందరం ఒక్కటిగా అన్న అర్థం వచ్చే త్వహామ్వే అనే కికూయు మాట వారి సంకేతం. గుర్తుగా ధరించడానికి ఒక బిళ్ల ఇచ్చారు.

ఇక్కడ మేము ఆగి ఆలోచించాం. వేలమంది వచ్చిన చోట 50 మందినే ఎందుకు ఎంచారు? మా సంఘం అయితే వచ్చిన ప్రతి ఒక్కరి చేతికీ ఒక మొక్క ఇచ్చి పంపేది, మరునాడు పత్రికలో వేలల్లో లెక్క వేయించేది. బేకర్‌కు కావలసింది సభ కాదు. ప్రతి మొక్కకు ఒక మనిషి కావాలి. ఆ 50 మంది పేరు పడిందంటే వారి పరువు కూడా దానితో ముడిపడింది. తమ వాడల్లో విత్తనాలు సేకరించారు, నారుమళ్లు పోశారు. బయట నిలబడ్డ మిగతావారు తామూ చేరతామని అడిగే పరిస్థితి వచ్చింది.

నాటిన మొక్కను బతికించడానికి కెన్యా అటవీ శాఖలో ఒక పద్ధతి ఉండేది. అడవి కొట్టిన నేలలో వరసలుగా మొక్కలు నాటి, మధ్య ఖాళీలో మొక్కజొన్న, చిక్కుడు వేసుకోమని రైతుకు ఇస్తారు. రైతు తన పంటకు కలుపు తీస్తే మొక్కకూ కలుపు తీసినట్టే. తన పంటను పశువుల నుంచి కాపాడుకుంటే మొక్కా కాపాడబడుతుంది. మొక్క ఎదిగి నీడ కమ్మేదాకా రెండూ కలిసి నడుస్తాయి. బర్మాలో అంతకుముందే టేకు తోటలకు వాడిన పద్ధతి ఇదే. దీనిలో ఒక లోపమూ ఉంది. నీడ కమ్మాక రైతు ఆ నేల వదలాలి, చెట్టు మాత్రం ప్రభుత్వానిది. అందుకే ఈ పద్ధతి మీద ఈనాటికీ వాదం ఉంది. కానీ మొక్క పక్కన ఒక కుటుంబం అన్నం ఉంటే ఆ మొక్క చావదన్న సంగతి మాత్రం వాదానికి అందనిది.

ఉద్యోగం పోయింది, పని మిగిలింది

కెన్యాలో ఉండగా ఒక అధికారి ఒక ఆఫ్రికా మనిషిని కొట్టబోతే బేకర్ అడ్డుపడి ఆ దెబ్బ తాను తిన్నారని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. పైవారికి అది నచ్చలేదు. తర్వాత నైజీరియా దక్షిణ ప్రాంతాల్లోని మహాగని అడవులకు వెళ్లారు. అక్కడా అదే వరస. కొట్టే కలప లెక్కే పైవారికి కావాలి, మళ్లీ లేచే అడవి లెక్క ఈయనకు కావాలి. 1920లు ముగిసేసరికి ప్రభుత్వ ఉద్యోగం ముగిసింది. నలభై ఏళ్ల వయసులో జీతం లేదు, పింఛను లేదు. జీవితమంతా ఒకటో తారీఖు జీతం తీసుకున్న మాలాంటివారికి ఇది ఎంత బరువైన సంగతో తెలుసు.

అయితే అప్పటికే ఆయన 1924లో ఇంగ్లండులో కెన్యా బృందం పేరునే ఇంగ్లీషులో పెట్టి ఒక సంఘం స్థాపించారు. మెన్ ఆఫ్ ది ట్రీస్ దాని పేరు. సభ్యుల చందాలు, దాతల విరాళాలు, పుస్తకాలు, ఉపన్యాసాలు, ఇవే దాని ఆదాయం. 1930లలో ఒక పత్రిక మొదలుపెట్టింది. వేసవి సెలవుల్లో చెట్ల గురించి తరగతులు నడిపింది. అడవిని ఫారెస్టు ఆఫీసుకు వదిలేయకుండా బడిపంతులు, గృహిణి, రైతు, పిల్లలు నేర్చుకోవాలన్నది ఆయన పట్టుదల. 1924లోనే లండన్‌లో జరిగిన మతాల సభలో కికూయుల విశ్వాసాల గురించి ఆయన మాట్లాడారు. ఆ పరిచయంతో బహాయి మతం వైపు ఆకర్షితులై, చివరిదాకా ఆ విశ్వాసంలోనే ఉన్నారు.

1929లో పాలస్తీనా వెళ్లి అక్కడ ముస్లిం, యూదు, క్రైస్తవ పెద్దలను ఒకచోట కూర్చోబెట్టి చెట్ల పని గురించి మాట్లాడించారు. ఒకరి ముఖం ఒకరు చూడని రోజులవి. తర్వాత అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలో రెండు వేల ఏళ్ల వయసున్న, 300 అడుగుల ఎత్తు దాటే రెడ్‌వుడ్ చెట్లను కలప వ్యాపారుల నుంచి కాపాడే పనికి విరాళాలు పోగు చేశారు. 1931లో కెన్యా, నైజీరియా అనుభవాలతో ఆయన మొదటి పుస్తకం వచ్చింది. ఆ తర్వాత పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. రాసి సంపాదించింది చెట్ల పనికే పోయేది.

రెండో ప్రపంచ యుద్ధం చివరి ఏడు, 1945లో, లండన్‌లో వివిధ దేశాల రాయబారులను పిలిచి అడవుల మీద ఒక సమావేశం పెట్టారు. అది కొన్నేళ్లపాటు ఏటా జరిగింది. ఏ దేశంలోనైనా కనీసం మూడో వంతు నేల చెట్ల కింద ఉండాలన్నది ఆయన తరచూ చెప్పిన లెక్క. మన దేశం 1952లో చేసిన జాతీయ అటవీ విధానంలో కూడా మూడో వంతు లక్ష్యమే పెట్టుకుంది. 1950లో కె.ఎం. మున్షీగారు మొదలుపెట్టిన వనమహోత్సవం కూడా ఆ రోజుల ఆలోచనే.

ఇంటి సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 1946లో పెళ్లి చేసుకున్నారు. ఇద్దరు పిల్లలు. ఊళ్లు పట్టుకు తిరిగే మనిషితో ఆ కాపురం నిలవలేదు. 1953లో విడిపోయారు. లోకానికి మేలు చేసే మనుషుల ఇళ్లలో ఆ ఖర్చు ఎవరో ఒకరు భరిస్తూనే ఉంటారు. ఖాతా రాసేటప్పుడు ఆ పద్దు కూడా రాయాలి.

ఎడారి అంచున

1952లో కొద్దిమందితో కలిసి సహారా ఎడారిని ఉత్తరం నుంచి దక్షిణానికి దాటే యాత్రకు బయల్దేరారు. ఎడారి ఎలా ముందుకు వస్తోందో కళ్లారా చూడాలని ఆయన ఉద్దేశం. చెట్లతో దానికి అడ్డుకట్ట వేయవచ్చని నమ్మారు. అక్కడి నుంచి వచ్చి పుస్తకాలు రాశారు, దేశాల పెద్దలను కలిశారు. చాలామంది నవ్వారు. ఎడారికి కారణం మనిషి ఒక్కడే అన్నట్టు ఆయన మాట్లాడడం కొందరు శాస్త్రవేత్తలకు నచ్చలేదు. వానల మార్పులకూ అందులో పెద్ద పాత్ర ఉందన్నది వారి మాట. అది న్యాయమైన మాటే.

ఆ యాత్ర సాగుతున్న రోజుల్లోనే, 1952 అక్టోబరులో, కెన్యాలో బ్రిటిషు ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించింది. పోయిన భూమి కోసం కికూయులు తిరగబడ్డారు. మౌ మౌ తిరుగుబాటు అని చరిత్రలో పేరు. ముప్పై ఏళ్ల కిందట చెట్ల నాట్యం జరిగిన సీమ అది. మొక్కల వల్ల మట్టి నిలుస్తుంది గాని, లాక్కున్న భూమి తిరిగి రాదు. నేల ఎవరిదన్న ప్రశ్న తేలకుండా చెట్టు ఎవరు పెంచుతారన్న ప్రశ్న పూర్తిగా తేలదు. బేకర్ జీవితం నుంచి మేము నేర్చుకున్న వాటిలో ఇది కూడా ఒకటి.

ఎడారికి పచ్చని అడ్డుకట్ట అన్న ఆయన ఊహ మాత్రం పోలేదు. 2007లో ఆఫ్రికా దేశాల కూటమి సెనెగల్ నుంచి జిబూటీ దాకా, సుమారు 8,000 కిలోమీటర్ల పొడవున పచ్చని గోడ పథకం చేపట్టింది. అక్కడా మొదట్లో నాటిన మొక్కలు చాలా ఎండిపోయాయి. నైజర్ దేశపు రైతులు తమ పొలాల్లో పాత మోడుల నుంచి లేచే పిలకలను నరకకుండా కాపాడితే, ఆ చెట్లు మాత్రం నిలిచాయి. కొత్తగా నాటినదాని కన్నా వేరు ఉన్నదాన్ని బతకనివ్వడం చౌక. మా చెరువు గట్టు మీద కూడా కానుగ మోడులు ఉన్నాయి. మేము వాటిని పీకించి, ఆ గుంతల్లోనే నర్సరీ మొక్కలు పెట్టించాం. ఇప్పుడు తలచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

గుర్రం మీద ముసలాయన

1959లో న్యూజిలాండుకు చెందిన కత్రియోనా బర్నెట్‌గారిని రెండో పెళ్లి చేసుకుని ఆ దేశంలో స్థిరపడ్డారు. 1963లో, 74వ ఏట, గుర్రమెక్కి ఆ దేశం ఒక కొస నుంచి మరో కొస దాకా వెళ్లారు. దారిలో కనిపించిన బడుల్లో ఆగి పిల్లలతో మాట్లాడారు. పెద్దల సభల్లో ఎన్ని తీర్మానాలు చేసినా, చెట్టు పెరిగే వయసు పిల్లల వయసేనని ఆయనకు తెలుసు. ఇప్పుడు నాటిన చెట్టు నీడలో కూర్చునేది వారే గదా.

1970లలో మన దేశం వచ్చారు. హిమాలయాల్లో అప్పటికి చిప్కో ఉద్యమం నడుస్తోంది. 1973లో మొదలై, 1974లో రేణి గ్రామపు ఆడవాళ్లు గౌరాదేవి వెంట నిలిచి చెట్లను కౌగిలించుకుని కాంట్రాక్టరు మనుషులను వెనక్కి పంపిన ఉద్యమం అది. బేకర్ సుందర్‌లాల్ బహుగుణగారిని కలిశారు. చిప్కో గురించి బయటి దేశాలకు చెప్పారు. ఆయన కెన్యాలో వెతికిన మనుషులు, ఎవరూ పిలవకుండానే ఇక్కడ నిలబడి ఉన్నారు. చిప్కో స్ఫూర్తితో 1983 సెప్టెంబరులో కర్ణాటకలోని శిర్సి సీమలో అప్పికో ఉద్యమం లేచింది. కర్ణాటకలోని మన తెలుగువారికి ఆ పేరు తెలిసే ఉంటుంది. అది చూడడానికి బేకర్ లేరు.

1971లో సస్కాచువాన్ విశ్వవిద్యాలయం తన తొలి విద్యార్థుల్లో ఒకరైన ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఒకప్పుడు చెట్లు లేక మట్టి లేచిపోవడం ఆయన చూసిన ఆ సస్కటూన్ పట్నం, అంచున పెంచిన ఒక అడవికి ఆయన పేరు పెట్టుకుంది. 1982 జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినం నాడు, అదే విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన ఒక మొక్క నాటారు. అదే చివరిది. నాలుగు రోజులకు, జూన్ 9న, ఆ పట్నంలోనే కన్నుమూశారు. వయసు 92.

మిగిలినది

ఆయన పెట్టిన సంఘం 1990లలో పేరు మార్చుకుని ఇంటర్నేషనల్ ట్రీ ఫౌండేషన్ అయింది. ఇప్పటికీ విరాళాలతోనే నడుస్తోంది. ఆఫ్రికాలో ఊరి బృందాలు నడిపే నారుమళ్లకు సాయం చేస్తుంది. నూరేళ్ల కిందట మొదలైన కెన్యాలోనే ఈనాడూ పని చేస్తోంది. అదే కికూయు సీమలో పుట్టిన వంగారి మాతాయ్ 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టారు. ఊరి ఆడవాళ్లే నారు పోసి, నాటి, కాపాడే పని అది. అందులో ఒక నియమం మాకు బాగా నచ్చింది. వారికి చెల్లింపు నాటిన మొక్కకు కాదు, బతికిన మొక్కకు. 2004లో ఆవిడకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

బేకర్ వల్ల ఎన్ని చెట్లు మొలిచాయో ఆయన అభిమానులు కోట్లలో చెబుతారు. గుమాస్తా బుద్ధికి ఆ లెక్కలు ఎక్కవు. మాకు ఎక్కినది 50, 10 అన్న రెండు అంకెలు. ఏభై మంది, తలా పది. మోయగలిగినంతే ఎత్తుకున్నారు, ఎత్తుకున్నది దించలేదు.

అందుకని పెద్దావిడ ఇచ్చిన సొమ్ము గురించి మా కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాం. ఈసారి 60 మొక్కలు వద్దు. 20 చాలు. ఒక్కో మొక్కకు ఒక్కో కుటుంబం పేరు రాస్తాం. సొమ్ములో నాలుగో వంతే మొక్కలకూ గుంతలకూ. మిగతాది కంచెకు, రెండు వేసవుల నీళ్లకు, ఎండిన చోట మళ్లీ పెట్టడానికి. బ్యానరు లేదు. ఫలహారాలు ఎవరింటి నుంచి వారు తెచ్చుకోవాలి. చెరువు గట్టున కానుగ పిలకలు లేస్తే వాటి చుట్టూ ముళ్లకంప కట్టాలి. బడి పిల్లలు నెలకోసారి లెక్క తీసి, చుక్కకూరో వంకాయో వేసుకున్నంత మామూలుగా ఆ చెట్ల సంగతి నోటు పుస్తకంలో రాయాలి. ఏ చెట్టు పేరు తెలుగులో ఏమిటి, ఒడియాలో ఏమిటి అని తాతలూ నాయనమ్మలూ దగ్గరుండి చెప్పాలి. పిల్లలకు భాషా వస్తుంది, చెట్టూ తెలుస్తుంది.

కొందరు సభ్యులు 20 అంటే మరీ తక్కువ, పక్క సంఘాలు వందల్లో నాటుతున్నాయి, మన పరువేం కావాలని ఇప్పటికే అంటున్నారు. వారి మాట మేము కొట్టివేయడం లేదు. రెండేళ్ల తర్వాత ఉగాదినాడు వచ్చి లెక్కపెట్టమంటున్నాం. అప్పుడు 20కి 20 ఉంటే పరువు ఎక్కడుందో తెలుస్తుంది. తగ్గితే ఆ సంగతి కూడా ఇదే చోట రాస్తాం.

కర్ణాటకలో, తమిళనాడులో, మహారాష్ట్రలో, యానాంలో ఉన్న మన సంఘాలవారు ఇలాంటి పని ఏదైనా చేసి ఉంటే, ముఖ్యంగా పోయిన మొక్కల సంగతి, దాచకుండా మాకు తెలియజేయవలసిందిగా ప్రార్థన. బడి గోడ పక్కన మిగిలిన ఆ 9 మొక్కల్లో ఒక నేరేడు ఇప్పుడు మా భుజం దాటింది. దానికి నీళ్లు పోసింది సంఘం కాదు. గోడ అవతలి ఇంటి ఇల్లాలు, గిన్నెలు కడిగిన నీళ్లు రోజూ అటువైపు పోస్తూ వచ్చిందట. ఆ కుటుంబం పేరు మా 20లో మొదటిగా రాసుకున్నాం.

ఇట్లు,
తెలుగు సంఘం కార్యదర్శి